శిస్తు కట్టనోడి కోట

పెనీస్కొలా కోట మెట్లు ఎక్కుతున్నంతసేపూ నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. ఎండకు కాదు. స్పెయిన్ సముద్రపు గాలి చల్లగానే వీస్తోంది. ఆ మెట్లను ఎవరో పొద్దున్నే శుభ్రంగా ఊడ్చి పెట్టారు, అందుకు. గోడల సందుల్లో ఒక్క పిచ్చిమొక్క లేదు, అందుకు. గుర్రాలను కట్టేసిన శాల, కత్తులు పట్టిన సన్యాసులు కూర్చుని మంతనాలు చేసిన పెద్ద గది, వాళ్లు మోకరిల్లిన చర్చి, అన్నీ వందల ఏళ్ల తర్వాత కూడా పైకప్పులతో సహా నిలబడి ఉన్నాయి, అందుకు. హనుమకొండ కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆడవాళ్లం ఏడుగురం కలిసి ఆ టూరుకు వెళ్లాం. మిగతావాళ్లు ఫోటోలు దిగుతుంటే నేను ఒక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడిపోయాను. రాయి మా ఊరి రాయంత నల్లగా లేదు, కాస్త పచ్చగా ఉంది. కానీ మధ్యాహ్నం ఎండకు కాగిన రాయి ఎక్కడైనా ఒకే తీరుగా వెచ్చగా ఉంటుంది.

మాకు కోటను చూపిస్తున్న పిల్లకు పాతికేళ్లుంటాయేమో. ఈ కోటను కట్టింది యుద్ధం చేసే సన్యాసుల సంఘమని, అంతకుముందు అక్కడ అరబ్బుల కోట ఉండేదని, కట్టిన కొద్దికాలానికే ఆ సంఘాన్నే రద్దు చేశారని చెప్పింది. అంటే కట్టినవాళ్లు లేరు, వాళ్ల వారసులు లేరు, వాళ్లు ఎవరితో కొట్లాడారో ఆ శత్రువులూ లేరు. కోట మాత్రం ఉంది. "మీవాళ్లు దీని రాళ్లు ఎత్తుకుపోలేదా?" అని అడిగాను. అడిగిన తీరు దురుసుగా ఉందని నాకే తెలుస్తోంది. ఆ పిల్ల నవ్వలేదు. "ఎత్తుకుపోయారమ్మా. ఈ దేశంలో చాలా కోటలు అలాగే పోయాయి. ఇళ్లకు, పశువుల కొట్టాలకు రాళ్లు మోసుకుపోయారు. ఎక్కడో ఒకచోట ఇక చాలు అనుకున్నారు" అంది. బయటికొచ్చాక నా స్నేహితురాలు విమల నన్ను పక్కకు లాగింది. "ఏందే సరోజనా, గా పిల్ల మీద పడ్డవ్? గామె ఏం జేసింది నిన్ను?" అంది. "ఏం జెయ్యలే. ఆళ్ల కోట ఉన్నది. మా కోట లేదు. గంతే" అన్నాను.

మా కోట గురించి ఇంతవరకూ నేను ఎక్కడా రాయలేదు. మా ఊరు జనగామ నుంచి లింగాల ఘనపూర్ వైపు పోయే తోవలో, రోడ్డు దిగి కొంత లోపలికి వెళితే వస్తుంది. పేరు రాయడం లేదు. అక్కడ ఇంకా మావాళ్లున్నారు, నా మూలంగా వాళ్లకు తిప్పలు రావద్దు. ఊరి పక్కన చిన్న గుట్ట, గుట్ట చుట్టూ నల్లరాతి గోడ, నాలుగు మూలలా నాలుగు బురుజులు, తూర్పున పెద్ద దర్వాజ. లోపల మెట్ల బావి. దాన్ని ఎవరు కట్టారో మా బడి పుస్తకాల్లో లేదు. మా నాయనమ్మను అడిగితే, "శిస్తు కట్టనన్నోడు కట్టిండు బిడ్డా. రాజు కాదు, దొర కాదు. కట్టనన్నడు, గోడ పెట్టుకున్నడు" అనేది. అంతకుమించి ఎవరికీ తెలియదు. నాకైతే ఆ మాటే సరిపోయేది.

నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమె పుట్టిల్లు మొగుళ్లపల్లి. పరికిణీ కట్టే వయసులో పెళ్లయి ఈ ఊరికి వచ్చింది. మాది కోమట్ల ఇల్లు. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో బెల్లం, గ్యాసునూనె, కొత్త గోనెసంచులు, ఎండుమిరపకాయలు కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ ఏ పాత కిరాణం ముందు నుంచి నడిచినా నా కాళ్లు కాసేపు ఆగుతాయి. అవ్వ కోడికూతకు ముందే లేచి, ముక్కుపొడి ఒక చిటికె పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, బొడ్లో తాళాలగుత్తి దోపుకునేది. ఆ తుమ్ములే ఇంటిల్లిపాదికీ మేలుకొలుపు. ఊళ్లో బావులన్నీ ఉప్పనివి. ఆ నీళ్లతో పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండేది. అందుకని మా ఇంట్లోనే కాదు, ఊరందరిళ్లలో పప్పుకూ చాయకూ కోట బావి నీళ్లే. పొద్దున్నే ఆడవాళ్లంతా బిందెలతో దర్వాజలోంచి లోపలికి వెళ్లడం, తడి మెట్ల మీద జారకుండా వేళ్లు బిగబట్టి దిగడం, పైకొచ్చాక దర్వాజ నీడలో బిందె దించి అత్తలనూ మొగుళ్లనూ నాలుగు మాటలు తిట్టుకోవడం నిత్యం జరిగేది. ఆ బావికి రెండు వైపులా మెట్లుండేవి. ఒకవైపు ఊరివాళ్లు, రెండోవైపు తండావాళ్లు. తండా కోట వెనక్కే ఉండేది. లంబాడి ఆడవాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటూ, అద్దాల రవికెలు ఎండకు మెరుస్తుంటే, మా మెట్ల వైపు చూడకుండా నీళ్లు తోడుకుని పోయేవాళ్లు. మేమూ వాళ్లను చూడనట్టే ఉండేవాళ్లం.

మాఘమాసం దాటాక బాపు, మా నాన్న, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిరపకాయలు కొనేవాడు. అవి ఎండాల్సింది కోట బురుజు మీదే. అక్కడ బండలు చదునుగా ఉండేవి, గాలి నాలుగు వైపుల నుంచీ వచ్చేది. ఊరి నుంచి చూస్తే బురుజు నెత్తిన ఎర్రని రుమాలు చుట్టినట్టుండేది. అవ్వ తాటాకు గొడుగు కింద కూర్చుని మేకలను తరుముతూ, మధ్యమధ్యలో నాచేత చింతపండు గింజలు తీయిస్తూ, బిగ్గరగా లోకాన్ని తిడుతూ కూర్చునేది. కోట అంటే నాకు చరిత్ర కాదు. మా వంటింట్లో పొయ్యి, రోలు, ఉట్టి ఎట్లాగో కోట కూడా అట్లాగే. దాన్ని ఎవరైనా తీసుకుపోతారని, తీసుకుపోవచ్చని ఊహకు కూడా రాలేదు.

అట్లాంటి రోజుల్లో రాష్ట్రం కోసం కొట్లాట మొదలైంది. నేనప్పుడు జనగామలో మా మేనమామ ఇంట్లో ఉండి హైస్కూలు చదువుతున్నాను. క్లాసులో "ఏంది సార్" అన్నందుకు ఒక సారు నన్ను బెంచీ ఎక్కించి, "ఏమిటి అండీ" అని గంట కొట్టేదాకా అనిపించాడు. పిల్లలంతా నవ్వారు. నవ్వినవాళ్లలో సగంమంది ఇంటికెళ్లి "ఏంది" అనేవాళ్లే. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు రౌడీ అన్నా అయ్యుండాలి, తాగుబోతన్నా అయ్యుండాలి. అందుకే బళ్లు మూతపడి ఊరికి వచ్చేసినప్పుడు నాకు చదువు పోతోందన్న దిగులు లేదు. మా శంకరన్న వరంగల్‌లో డిగ్రీ చదువుతూ ఊరేగింపుల్లో తిరిగేవాడు. గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చి, దుకాణం అరుగు మీద నిలబడి, "మన నౌకర్లు మనకే రావాలె, మన నీళ్లు మనకే రావాలె, గిండ్ల తప్పేముంది బాపూ?" అని అడిగేవాడు. బాపు తక్కెడ వైపు చూస్తూ, "తప్పేం లేదురా. జర మెల్లగ మాట్లాడు" అనేవాడు. ఒక రోజు జనగామలో బస్సుల ముందు కూర్చున్నందుకు అన్నను పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లంతా అయితే జైల్లో, లేదంటే చుట్టాల ఊళ్లలో దాక్కుని ఉన్నారు. అవ్వ అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లందరికీ వినపడేలా అడిగేది: "నా మనుమడు దొంగతనం జేసిండా? లంగతనం జేసిండా? ఏం జేసిండని తీస్కపోయిండ్రు?"

సరిగ్గా అదను చూసుకుని వచ్చాడు ఆ కాంట్రాక్టరు. రోడ్డుకు, వంతెనకు రాయి కావాలి. గుట్టలు తొలిస్తే ఖర్చు, కోటలో అయితే చెక్కిన రాయే సిద్ధంగా ఉంది. ఉత్తరం గోడకు రంధ్రాలు వేసి మందు కూరి పేల్చినప్పుడు నేనూ అవ్వా బురుజు మీదే ఉన్నాం. కాళ్ల కింద బండ అదిరింది. ఎండబోసిన మిరపకాయల మీదకు సున్నంపొడి వచ్చి పడింది. అవ్వ కొంగుతో మిరపకాయల మీది పొడి దులపడం మొదలుపెట్టింది. బాపు వెళ్లి అడిగాడు. కాంట్రాక్టరు మర్యాదగా కుర్చీ వేయించి, "ఇవన్నీ మీకెందుకండీ శావుకారు గారూ? పాడుబడ్డ గోడలు. రోడ్డు వస్తే మీ వ్యాపారానికే గదండీ లాభం" అన్నాడట. బావి సంగతి అడిగితే, రాళ్లు దొర్లి పూడితే పూడుతుందని, ఎక్కడో ఒకచోట బోరు వేయిస్తానని చెప్పాడట. ఇద్దరు పోలీసులు దర్వాజ దగ్గర నిలబడి ఉన్నారట. బాపు ఇంటికొచ్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలిస్తూ, "పిలగాడు జైల్ల ఉన్నడు. మనం నోరు మూసుకోవాలె" అన్నాడు.

"నువ్వు మూసుకో" అంది అవ్వ.

మర్నాడు నీళ్లకు వెళ్లిన ఆడవాళ్లెవరూ తిరిగి రాలేదు. అవ్వ దర్వాజ గడప మీద కూర్చుంది. ఆమె పక్కన నేను, మా వెనక ఊరి ఆడవాళ్లు. కాసేపటికి రెండోవైపు మెట్ల మీద నుంచి తండావాళ్లు వచ్చి మాకు కొంచెం ఎడంగా కూర్చున్నారు. వాళ్లలో ముందున్నది మంగ్లి. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు, ఒకరు చంకలో ఉన్నారు. కాంట్రాక్టరు మేస్త్రీ వచ్చి లేవమన్నాడు. అవ్వ, "లెవ్వం. గీ నీళ్లు లేకుంటే మా పొయ్యిల మీద పప్పు ఉడుకది" అంది. అతను పక్కనున్నవాడితో, "పప్పు ఉడుకదంట! ఏం భాషరా బాబూ" అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బెంచీ మీద నిలబెట్టినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. మా గింజ ఉడకకపోవడం ఒకడికి తమాషా.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవ్వ పెదాలు పగిలిపోయాయి. మా బిందెలు అప్పటికే ఖాళీ అయ్యాయి, లేచి బావికి వెళితే మళ్లీ గడప మీదికి రానివ్వరు. మంగ్లి తన కుండ తెచ్చి ముందు పెట్టి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. అవ్వ ఆ కుండ వైపు చూసింది. నా వైపు చూసింది. "నోరెండి సస్తుంటే గీ మడి ఎవనికోసం?" అని కుండెత్తి గడగడా తాగింది. ఆ తర్వాత ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు, అవ్వ కూడా ఎత్తలేదు.

సాయంత్రం జీపులో ఇంకొంతమంది పోలీసులు వచ్చారు. మాటలు అయిపోయాయి, లాఠీలు లేచాయి. నా వీపు మీద పడ్డ దెబ్బ నాకు పెద్దగా గుర్తులేదు. అవ్వ తల కాపాడుకుంటూ కుడిచెయ్యి పైకెత్తడం, మణికట్టు మీద లాఠీ పడటం, ఎండుకట్టె విరిగిన చప్పుడు, ఇవి గుర్తున్నాయి. ఆమె అరవలేదు. ఊపిరి మాత్రం లోపలికి పీల్చుకుంది. మంగ్లి ఆమె మీద అడ్డంగా పడింది. లంబాడీలు అమ్మను యాడి అంటారు. "యాడీ, లెవ్వకు! నువ్వు లెవ్వకు!" అని అవ్వ చెవిలో అరిచింది. తర్వాత తండా వైపు తిరిగి తన భాషలో ఏదో పెద్దగా కేక వేసింది. ఏమందో నాకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది.

పశువులు వచ్చాయి. మేత నుంచి తిరిగొస్తున్న తండా మంద మొత్తాన్ని ముసలివాళ్లు, ఆడపిల్లలు కలిసి కోటలోకి తోలారు. ఆవులు, కోడెలు, దూడలు పేలిన ఉత్తరం గోడ సందులోంచి తోసుకుంటూ వచ్చి, మందు కూరిన గోడ పక్కన, బావి చుట్టూ, లారీలు వచ్చే దారిలో నిండిపోయాయి. లాఠీలకు మనుషులు జరుగుతారు. పశువులు ఎటు జరగాలో తెలియక అక్కడే తిరుగుతాయి. ఒక పోలీసును కోడె కుమ్మబోతే జీపెక్కాడు. మందు పేల్చడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆవులు చస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ లేస్తాయని మేస్త్రీకి కూడా తెలుసు. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా తండావాళ్లు మందను బయటికి తీయలేదు. ఊరివాళ్లు తమ గడ్డివాముల నుంచి గడ్డి మోసుకొచ్చి వేశారు. బాపు తానే బండి కట్టి దుకాణంలో ఉన్న తవుడంతా తెచ్చి పోశాడు. చివరికి కాంట్రాక్టరు ఇంకెక్కడో రాయి వెతుక్కున్నాడు. ఉత్తరం గోడ సగం పోయింది. బావి మిగిలింది, దర్వాజ మిగిలింది, మా మిరపకాయల బురుజు మిగిలింది.

అవ్వ చెయ్యి మాత్రం మిగల్లేదు. జనగామ దవాఖానలో కట్టు కట్టారు. ఎముక వంకరగా అతుక్కుంది. తర్వాత ఆమె తిరగలి విసరలేకపోయింది, అన్నం కలుపుకోలేకపోయింది, ముద్ద నోటిదాకా తీసుకుపోలేకపోయింది. ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడి, అందరి భోజనాలూ అయ్యాక గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. నేను అన్నం కలిపి పెడతానంటే, "నేనేమన్న చంటిపిల్లనా? పో అవతలికి" అని కసిరేది. పోయేదాకా అట్లాగే గోడ వైపు తిరిగి తిన్నది. శంకరన్న జైలు నుంచి వచ్చి ఆ చెయ్యి చూసి, దుకాణంలో బస్తాల మధ్య కూర్చుండిపోయాడు. కొట్లాట చల్లబడింది. అన్నలాంటి కుర్రాళ్లను వీధుల్లోకి పిలిచిన పెద్దమనుషులు పదవులు పుచ్చుకుని సర్దుకున్నారు. చదువు ఆగిపోయిన అన్న, బాపు తర్వాత అదే తక్కెడ పట్టుకున్నాడు. అన్న మళ్లీ రాష్ట్రం మాట ఎత్తగా నేను వినలేదు. నలభై ఏళ్ల తర్వాత ఊరూరా అందరూ మళ్లీ లేచినప్పుడు చూడటానికి అన్న లేడు.

నేనున్నాను. నా విద్యార్థినులతో కలిసి నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండాను. ఊరేగింపుల్లో నడిచాను. రాష్ట్రం వచ్చిన రోజున ఊరికి వెళ్లాను. మంగ్లక్కకు కళ్లు సరిగా కనిపించడం లేదు. కోట దర్వాజలో నా చెయ్యి పట్టుకుని, "మీ అవ్వ ఉంటె ఎగిరి దుంకేది బిడ్డా" అంది. ఆ రోజు ఏడ్చాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పుడు నాకు నా మీద జాలేస్తుంది.

కొన్నేళ్లకే మంగ్లక్క కొడుకు ఫోను చేశాడు. గుట్ట మొత్తం కంకర మిషన్‌కు ఇచ్చారట, పొక్లెయినర్లు వచ్చాయట. పొద్దున బస్సెక్కి వెళ్లేసరికి రెండు బురుజులు లేవు. పని చేయిస్తున్నవాడు మా పక్క ఊరివాడే. నన్ను చూసి ఎదురొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. "మేడం, మా చెల్లె మీ దగ్గరనే చదువుకున్నది" అన్నాడు. కోట సంగతి అడిగితే నవ్వుతూ, "గది కోట ఏంది అక్కా, పాత రాళ్లకుప్ప. నేను గూడ ఉద్యమంల జైలుకు పోయినోన్నే. ఇగ మన రాష్ట్రం, మన గుట్ట. మనకెవడు అడ్డమొస్తడు?" అన్నాడు. ఎంత చక్కని మాట! అచ్చం మా అన్న మాట్లాడినట్టే, ఆ యాసే, ఆ ఊపే. ఏ మాటకు నన్ను బెంచీ ఎక్కించారో, ఏ మాటకు మేస్త్రీ పడీపడీ నవ్వాడో, ఆ మాటతోనే వాడు మా కోటను కంకర చేస్తున్నాడు. నాకు వాణ్ని కొట్టాలనిపించింది. కొట్టి ఉండాల్సింది.

ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ తిరిగాను. "నీళ్లు క్యాన్లల్ల వస్తున్నయ్ సరోజనక్కా, బావెందుకిప్పుడు?" అన్నారు. "కంకర వస్తె మన రోడ్లకే గద" అన్నారు. లారీలు పెట్టుకున్నవాళ్లు తలుపే తీయలేదు. ఆఫీసులకు వెళ్లాను. జనగామలో ఒకాయన చాయ తాగించి, వరంగల్లో అడగమన్నాడు. వరంగల్లో ఒకాయన హైదరాబాదులో అడగమన్నాడు. పక్క టేబుల్ ఆయన, "ఈ వయసులో మీకెందుకు మేడం పరేషాన్?" అన్నాడు. తండాకు వెళ్లి, "మందను తోలుదామా మంగ్లక్కా?" అని అడిగాను. ఆమె గుడ్డికళ్లతో కొట్టం వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఒక ట్రాక్టరుంది. "ఆవులేడున్నయి బిడ్డా? మేపెటందుకు జాగేది?" అంది. లేచి నిలబడి, "నన్ను తోల్కపో. నేనొస్త" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాను. ఇద్దరం దర్వాజ గడప మీద కూర్చున్నాం. వెనక ఎవరూ లేరు. పొక్లెయినర్ నడిపే కుర్రాడు ఇంజను ఆపి తన సేటుకు ఫోను చేశాడు. సేటు అంటే ఆ పక్క ఊరివాడే, మోటారుసైకిల్ మీద వచ్చాడు. అరవలేదు. పోలీసులను పిలవలేదు. "అయ్యో, ఎండకు బండ మీద కూసున్నరేంది అవ్వా?" అని మనిషిని పంపి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాడు. చల్లని నీళ్ల సీసాలు తెప్పించాడు. మేము కుర్చీల్లో కూర్చోలేదు, ఆ నీళ్లు ముట్టలేదు. అతనేమీ అనుకోలేదు. మమ్మల్ని లెమ్మని కూడా అనలేదు. మిషన్‌ను గుట్ట చుట్టూ తిప్పి, వెనకవైపు నుంచి కొట్టుకుంటూ రమ్మన్నాడు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ఒక్కో చప్పుడుకూ మంగ్లక్క, "గదేంది? బావి గోడనా?" అని అడిగింది. మొదట్లో చెప్పాను. తర్వాత చెప్పలేకపోయాను. చివరికి దుమ్ముకు ఇద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మేం కూర్చున్న దర్వాజ ఒక్కటే అటూ ఇటూ గోడ లేకుండా నిలబడి ఉంది. మర్నాడు మేం లేనప్పుడు దాన్నీ తీసేశారు.

కోపం ఆరోగ్యానికి మంచిది కాదని విమల అంటుంది. నిజమే కావచ్చు. అవ్వ చెయ్యి విరగ్గొట్టినవాళ్లకు ఆమె అడ్డమనైనా అనిపించింది. మాకు కుర్చీలు వేశారు.